పెట్టె మీది పేరు నమ్మని మనిషి

నిజాముద్దీన్ భాయ్ పెట్టె మీద రాసి ఉన్న పేరు నమ్మడు. ఆయన గురించి ఈ ఒక్క సంగతి తెలిస్తే చాలు, మిగతావన్నీ దానికి పుట్టిన పిల్లలే. బిస్కెట్ పుడా మీద బిస్కెట్లని ఎంత పెద్ద అక్షరాలతో రాసి ఉన్నా, చించి, ఒకటి తీసి, తిరగేసి, వాసన చూసి, అప్పుడు "ఆఁ, బిస్కెట్టే" అంటాడు. ఈలోగా చాయ్ చల్లారిపోతుంది.

గద్వాల బస్టాండు ఎదురు సందులో మా ఇద్దరిదీ ఒకటే మడిగె. మధ్యలో ప్లైవుడ్ చెక్క అడ్డం. అటు సగం ఆయన కంప్యూటర్ రిపేరు దుకాణం, ఇటు సగం నా డీటీపీ, జిరాక్స్. నా సగం అద్దంలా ఉంచుకుంటాను. బయట బోర్డు మీద 'జర్మనీ స్కానర్ గలదు' అని ఎర్ర రంగుతో రాయించాను. ఆ స్కానర్ నేను స్వయంగా హైదరాబాదు వెళ్ళి, నాలుగు దుకాణాలు తిరిగి, గొంతు పోయేదాకా బేరమాడి తెచ్చుకున్నది. అలాంటిది గద్వాలలో ఇంకెవరికీ లేదు. ఈ మాట అవసరం ఉన్నా లేకపోయినా చెప్పడం నాకు అలవాటు, ఇప్పుడూ చెప్పేశాను.

ఇక అటు సగంలో రోజూ జరిగే భాగోతం ఇది. ఎవరో ఒకరు మోడెమో ప్రింటరో చంకలో పెట్టుకొని వస్తారు.

"భాయ్, ఇది నడుస్తలేదు."

"పేరేంది?"

"పెట్టె మీద ఉంది గద భాయ్."

"అది బయటి పేరు. లోపలి పేరేంది?"

"లోపలి పేరు నాకేం తెలుసు?"

"నాకు గూడ తెల్వదు. కూసో."

ఆ 'కూసో' తర్వాత స్క్రూడ్రైవరు బయటికి వస్తుంది. మూత ఊడుతుంది. భాయ్ భూతద్దం పెట్టి లోపలి చిప్పు మీది చీమతలకాయంత అక్షరాలు చదువుతాడు. చదివి "ఊఁ" అంటాడు. వచ్చినవాడి గుండె జారిపోతుంది.

"ఏమైంది భాయ్? పోయిందా?"

"ఏం పోలే. సరుకు మంచిదే. లిస్టుల పేరు లేదు. ఎక్కిస్త."

ఇంతే. ఏం చూశాడో చెప్పడు, ఎందుకు ఊఁ అన్నాడో చెప్పడు. అడగడం వరకే ఆయన వంతు. గద్వాల చుట్టుపక్కల ఈ మాట వినకుండా బాగుపడిన కంప్యూటర్ ఒక్కటి కూడా లేదు.

ఆ లిస్టు ఏమిటో నాకు అర్థమైనంత మేరకు చెప్తాను. కంప్యూటర్‌కు ఏది తగిలించినా, అది ముందు తన నంబరు చెప్పుకోవాలి. లోపల డ్రైవరు అని ఒకడుంటాడు. వాడు అచ్చం రేషన్ డీలరే. వాడి దగ్గర ఒక లిస్టు ఉంటుంది. లిస్టులో నంబరు ఉంటే లోపలికి రమ్మంటాడు, లేకపోతే నువ్వెవరో నాకు తెలియదు పొమ్మంటాడు. ఇంతవరకు బాగానే ఉంది. కంపెనీలవాళ్ళు ఏం చేస్తారంటే, అదే పెట్టె, అదే రంగు, అదే బొమ్మ ఉంచి, లోపల చిప్పు మాత్రం పోయిన నెల ఒకరిది, ఈ నెల ఇంకొకరిది పెడతారు. ఎవరు చవకగా ఇస్తే వాళ్ళది. నంబరు మారిపోతుంది. డీలరుకు కబురు చెప్పేవాడు ఉండడు. అప్పుడు ఎవరో ఒకరు కూర్చొని ఆ కొత్త నంబరు లిస్టులో ఎక్కించాలి. వచ్చే నెల మళ్ళీ ఎక్కించాలి. జీతం లేదు, సెలవు లేదు, ఎన్నటికీ తెమలదు. ఆ ఎవరో ఒకరు మా గద్వాలలో నిజాముద్దీన్ భాయ్.

ఈ జబ్బు ఆయనకు వాళ్ళ నాన్న నుంచి వచ్చింది. ఆయన పెబ్బేరు సంతలో ఎడ్ల దలారి. అమ్మేవాడు ఏ ఊరి ఎద్దని చెప్పినా, ఎంత ఈడని చెప్పినా చెవిన పెట్టేవాడు కాదట. ఎద్దు నోరు తెరిచి పళ్ళు చూసి, సుడులు చూసి, కాస్త దూరం నడిపించి, ఇది ఫలానావాళ్ళ కొట్టంలో పుట్టిందని చెప్పేవాడట.

"మా అబ్బా ఎద్దును అడుగుతుండె చెల్లె, అమ్మేటోన్ని గాదు" అని భాయ్ చాలా గర్వంగా చెప్తాడు.

పెళ్ళాం రహీమాబీని కూడా అలాగే అడిగాడు. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తెచ్చినప్పుడల్లా ఆమె ఈ కథ నాకు చెప్తుంది, పక్కన మొగుడు వింటున్నాడని ఇంకాస్త గట్టిగా చెప్తుంది.

"నన్ను చూడనీకె వచ్చిండు. పేరేందమ్మా అంటె రహీమాబీ అన్న. 'అది బయటి పేరు, ఇంట్ల ఏమంటరు?' అన్నడు. మా అమ్మీకి గుండె ఆగినంత పనైంది. పిల్లకు రెండు పేర్లున్నయని ఎవడు చెప్పిండో అని పరేషాన్ అయింది."

"మరి నువ్వు చెప్పినవా?"

"చెప్పిన. ఆయన నవ్విండు. గా నవ్వుకే ఒప్పుకున్న. ఏం చేస్త, చిన్నదాన్ని."

మనుషులందరినీ ఇంతే. ట్రాలీ ఆటో నడిపే మొహసిన్‌ను మొదటి రోజే అడిగి గుడ్డూ అని తెలుసుకున్నాడు. ఒకసారి పొరుగు జిల్లా నుంచి బదిలీ మీద వచ్చిన ఎక్సైజు ఆఫీసరు ప్రింటరు తెచ్చాడు. మీసం చూస్తేనే సారా ఆవిరైపోయేలా ఉన్నాడు. భాయ్ మూత విప్పుతూ మాటల్లో మాటగా అడిగాడు, ఆ ఆఫీసరు నోరు జారి చెప్పేశాడు. ఇంట్లో బుజ్జి అంటారట. ఆ సమయానికి మొహసిన్ అక్కడే ఉండడం ఆ ఆఫీసరు గ్రహచారం. వారం తిరిగేసరికి గద్వాలలో ఆయన బుజ్జి సారు. బదిలీ కోసం ఆయనే కాళ్ళా వేళ్ళా పడ్డాడని అంటారు. నేను నమ్మను గానీ చెప్పుకోవడానికి బాగుంటుంది.

ఇక్కడ భాయ్ తప్పేం లేదు. ఎవరి లోపలి పేరూ ఆయన నోటి నుంచి బయటికి రాదు. నాది కూడా ఆయనకు తెలుసు. నేను చెప్పలేదు, మా అమ్మ చెప్పేసింది. ఇన్నేళ్ళలో ఒక్కనాడు కూడా నన్ను ఆ పేరుతో పిలవలేదు. ఇక్కడ రాయను, అడక్కండి.

మా ఇద్దరికీ గొడవ ఒక్కచోటే. అట్టపెట్టెలు. చచ్చిన మోడెములు, తెగిన వైర్లు, ఒంటికన్ను కెమెరాలు, అన్నీ దాస్తాడు. ప్లైవుడ్ దాటి నా వైపు వస్తే నేను ఊరుకోను. ఎందుకు దాస్తాడంటే, సిస్టం కొత్త రకం వచ్చినప్పుడల్లా పాత లిస్టులో కొన్ని పేర్లు ఎగిరిపోతాయట. అందుకని ఒక్కొక్క వస్తువును బయటికి తీసి తగిలించి చూస్తాడు. బడిలో హాజరు పిలిచినట్టు నంబరు చదువుతాడు. దీపం వెలిగితే తల ఊపుతాడు. ఆ రోజు మొహసిన్ పని మానుకొని వచ్చి, దీపం వెలిగినప్పుడల్లా చెయ్యెత్తి "ప్రెజెంట్ సార్" అంటాడు.

"ఈ కాలంల గిది ఎవరు వాడుతుండ్రు భాయ్?" అన్నాను ఒకసారి, ఇటుకంత మోడెం నా కుర్చీ కింద దొరికితే.

"ఒకాయన వాడుతుండు. అయిజ ఊర్ల."

"ఒక్కని కోసమా ఇంత చెత్త?"

"రేషన్ లిస్టుల నీ ఒక్కదాని పేరు కొట్టేస్తె ఊకుంటవా చెల్లె?"

"నాకేం బాధ? నా స్కానర్ జర్మనీది. దాని పేరు కొట్టేసే మొగోడు పుట్టలే."

భాయ్ "ఊఁ" అన్నాడు.

ఆయన ఎక్కించిన పేర్లు గద్వాలకే పరిమితం కాదు. ఆయన వాడేది లినక్స్ అని ఉచితంగా దొరికే సిస్టం. దాని అసలు లిస్టులు చూసుకునేవాళ్ళు ఎక్కడో చలిదేశాల్లో ఉంటారు. వాళ్ళకు మెయిల్ పెట్టి ఒప్పిస్తే ఆ పేరు లోకమంతటికీ ఎక్కుతుంది. ఇంగ్లీషు ఉత్తరాలు టైపు కొట్టేది నేను. మొదట్లో వాళ్ళు ఊరికే ఒప్పుకునేవాళ్ళు కాదు. రోజుకు ఎంతమంది పేర్లెక్కించమని అడుగుతారో పాపం, విసుగు ఉంటుంది. మళ్ళీ మీరేనా, దీన్ని అసలు ఎంతమంది వాడుతున్నారు అని రాసేవాళ్ళు.

"సలాం, పిల్లలు బాగున్నరా అని రాయి చెల్లె."

"అట్ల రాయరు భాయ్."

"ఎందుకు రాయరు? పని అడిగేటప్పుడు మంచి చెడ్డ అడగరా?"

రాశాను. నాకు సిగ్గేసింది. మర్నాడు జవాబు వచ్చింది. అందరూ బాగున్నారు, చిన్నమ్మాయికి మాత్రం జలుబు అని రాసి, కింద, మీ నంబరు ఎక్కించాను అని రాశాడు ఆ చలిదేశపాయన. అప్పటి నుంచి గద్వాల పేరు చెబితే ఆయన పెద్దగా ప్రశ్నలు వేయడం మానేశాడు.

ఇట్లా నడుస్తుండగా తుంగభద్ర పొంగి, నేతగాళ్ళ ఊరు రాజోలిలోకి వచ్చింది. రెండువేల తొమ్మిది అక్టోబరులో. నీళ్ళు తీసి, బురద ఎత్తి, జనం మగ్గాలు కడుక్కొని మళ్ళీ నిలబెట్టుకున్నారు. నిలబెడితే ఏం లాభం? అట్టలు లేవు. చీర అంచులో హంస ఎక్కడ రావాలో, కొమ్మ ఎక్కడ తిరగాలో మగ్గానికి చెప్పేవి చిల్లులు పొడిచిన అట్టలు. అవన్నీ నీళ్ళలో నాని ముద్దయిపోయాయి. ఆ వీధికి అట్టలు కొట్టిచ్చేది సుగుణమ్మ. కంప్యూటర్‌లో బొమ్మ గీస్తే పక్కన మిషను అట్టకు చిల్లులు పొడుస్తుంది. ఇప్పుడు వీధి వీధంతా ఆమె గుమ్మం ముందు నిలబడి ఉంది.

ఒక పొద్దున మొహసిన్ ట్రాలీ ఆటో మా మడిగె ముందు ఆగింది. అందులో ఆ మిషను, ఒక కంప్యూటర్, వాటి మధ్య సుగుణమ్మ, అంచున ఒరిగి ఆమె మొగుడు మాసయ్య. మాసయ్య రెండు చేతులతో ఒక చిన్న అట్టడబ్బా పట్టుకొని ఉన్నాడు, పసిపిల్లను పట్టుకున్నట్టు.

సుగుణమ్మ దిగుతూనే మొదలుపెట్టింది. "భాయ్, నీళ్ళొచ్చిన నాడు కంప్యూటర్ ఎత్తుకో అన్న. ఈయన టీవీ ఎత్తుకున్నడు."

"తొందరల రెండూ ఒకే తీరు కనబడ్డయి" అన్నాడు మాసయ్య.

"టీవీ అన్న దక్కిందా? దాన్ని దారిల నీళ్ళల్ల ఏసిండు."

"బరువైంది."

మిషను మాత్రం పక్కింటి మిద్దె మీద ఉండి బతికింది. చుట్టాలెవరో కంప్యూటర్ ఇచ్చారు. కొత్తది కావడంతో దానికి మిషను వైరు పట్టే పాత రకం సందు లేదు. మధ్యలో మారుపిన్నుల కేబుల్ ఒకటి కావాలన్నారు. మాసయ్య హైదరాబాదు పోయి తెచ్చాడు. ఆ అట్టడబ్బాలో ఉన్నది అదే. డబ్బా మీద విదేశీ జెండా, మెరిసే అక్షరాలు.

"పెడితే మిషను ఉలుకదు పలుకదు. మోసపోయి వచ్చిండని నేనంట. కాదు, పెద్ద దుకాణమని ఈయనంటడు. నువ్వు చెప్పు భాయ్. మోసమా, కాదా?" అంది సుగుణమ్మ. అని కాస్త గొంతు తగ్గించి, "మగ్గపోల్లు ఇంకెన్ని దినాలు చూస్తరు? వేరే ఊరికి పోయి కొట్టిచ్చుకుంటరు. ఒకసారి పోయినోల్లు మళ్ళ మా గడప తొక్కరు" అంది.

మాసయ్య భాయ్ ముఖం వైపు చూశాడు. మా దుకాణానికి చాలామంది చాలా రకాలుగా వచ్చారు గానీ, అంత భయంగా చూసిన మనిషిని నేను చూడలేదు. టీవీ సంగతితోనే సగం అయిపోయి ఉన్నాడు. ఇది కూడా మోసమని తేలితే మిగతా సగం కూడా అయిపోయేది.

భాయ్ డబ్బా తీసి పక్కన పెట్టాడు. "ఇది బయటి పేరు. లోపలి పేరు చూద్దాం."

బ్లేడుతో కేబుల్ పొట్ట కోస్తుంటే సుగుణమ్మ కెవ్వుమంది. భాయ్ భూతద్దం పెట్టాడు. నేను కూడా ప్లైవుడ్ మీది నుంచి మెడ చాపి చూశాను. చిప్పు మీద అక్షరం ముక్క లేదు. ఎవడో గీకి నున్నగా చేసేశాడు. ఏ లోకంలో ఏ చెత్తలోంచి ఏరి తెచ్చి అందులో పెట్టారో. కంప్యూటర్‌కు తగిలిస్తే ఏదో నంబరు చెప్పింది, అది ఏ లిస్టులోనూ లేదు.

భాయ్ ఊఁ అనలేదు. "జర ఆగుండ్రి" అని డబ్బా పట్టుకొని బయటికి నడిచాడు. నేను చాయ్ చెప్పే వంకతో వెనకాలే వెళ్ళాను. చాయ్ బండి చాటున నిలబడి, డబ్బా మీది దుకాణం నంబరుకు ఫోను చేసి అరుస్తున్నాడు. అన్నేళ్ళలో ఆయన గొంతు లేవడం వినడం అదే మొదలు.

"అరె, ముఖం గీకి అమ్ముతవా? వరదల మునిగి వచ్చినోనికి అమ్ముతవా? రేపు నీ దుకాణంకాడికే వస్త, నీ లోపలి పేరేందో అడుగుత!"

ఫోను పెట్టేసి, గొంతు సవరించుకొని, లోపలికి వచ్చాడు. కుర్చీలో కూర్చున్నాడు. డబ్బాను కళ్ళకు దగ్గరగా పెట్టుకొని, దాని మీది పేరును ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ పైకి చదివాడు. నా చేతిలో చాయ్ ఒలికింది. నిజాముద్దీన్ భాయ్ పెట్టె మీది పేరు చదువుతున్నాడు!

"సుగుణమ్మా, సరుకు మంచిదే. మాసయ్య మంచి దుకాణమే పట్టిండు. తప్పు లిస్టుది. లిస్టుల పేరు లేదు. ఎక్కిస్త."

మాసయ్య వదిలిన ఊపిరికి బల్ల మీది కాగితాలు లేచాయి.

తర్వాత భాయ్ చేసింది అచ్చంగా పెబ్బేరు సంతలో వాళ్ళ నాన్న చేసిన పనే. పేరు చెప్పని దాన్ని నడిపించి చూశాడు. చిప్పులు చేసే ఒక్కో ఇంటికి ఒక్కో డ్రైవరు ఉంటాడట. ఆ నంబరును ముందు ఒక డ్రైవరు లిస్టులో ఎక్కించి ఇది మీ ఇంటిదేనా అని అడిగాడు. మిషను కదల్లేదు. ఇంకో ఇంటి లిస్టులో ఎక్కించాడు. మిషను అదిరిపడి ఇష్టం వచ్చినట్టు చిల్లులు పొడిచింది. అట్టలు పట్టి చూసి సుగుణమ్మ "హంసకు మెడ లేదు భాయ్" అంది. "మెడ వస్తది, కూసో" అన్నాడు. సుగుణమ్మ అప్పటికే కూర్చొని ఉంది. మధ్యాహ్నం రహీమాబీ టిఫిన్ డబ్బా తెచ్చి, పరిస్థితి చూసి, తనూ ఒక స్టూలు లాక్కొని కూర్చుంది. చివరికి ఒక ఇంటివాళ్ళు మాదే అని ఒప్పుకున్నారు. మిషను టకటకమని సాఫీగా నడిచింది. సుగుణమ్మ అట్టలు వరసగా పట్టుకొని చిల్లుల వెంట వేలు నడిపింది. ఆమె వేలు మెడ దగ్గర వంపు తిరిగినప్పుడు ఆమె ముఖం చూడాలి. నాకు కళ్ళు చెమర్చాయి, దాచడం ఎందుకు.

మాసయ్య వెంటనే కాలు మీద కాలు వేసుకున్నాడు. "నేను చెప్పలే? నాలుగు దుకాణాలు తిరిగి, బేరమాడి తెచ్చిన."

"సరే తియ్యి, కేబుల్ మంచిదే తెచ్చినవు" అని సుగుణమ్మ తన చాయ్ ఆయన చేతికి ఇచ్చింది. "టీవీ సంగతి మాత్రం ఇడువ."

మొహసిన్ మిషను ఎక్కించాడు. ఈసారి మాసయ్య ట్రాలీ అంచున కాకుండా నడుమ దర్జాగా కూర్చున్నాడు. కోసిన కేబుల్‌కు నల్ల టేపు చుట్టి ఉంది, అది డబ్బాలో భద్రంగా ఆయన ఒళ్ళోనే ఉంది.

ఆ నంబరు ఎక్కించమని చలిదేశపాయనకు మెయిల్ పెట్టాం. పేరూ ఊరూ లేని చిప్పు కదా, ఈసారి ఆయన కూడా తటపటాయించి, దీన్ని ఎంతమంది వాడుతున్నారని అడిగాడు.

"ఒక్కటే మిషను, దాని మీద ఒక వీధి మగ్గాలు బతుకుతున్నయి అని రాయి. పిల్లకు జలుబు తగ్గిందా అని గూడ అడుగు" అన్నాడు భాయ్. రాశాను. ఎక్కింది.

ఆ జవాబు పంపిన రోజే అడిగేశాను. "అబద్ధమెందుకు చెప్పినవ్ భాయ్? ఆ చిప్పు ముఖం గీకి ఉండె. నేను చూసిన."

"చూసినవా?" అని స్క్రూడ్రైవరు తుడుచుకున్నాడు. "ఎవడో దాని ముఖం గీకిండు చెల్లె. నేను మాసయ్య ముఖం గీకాల్నా? మిషను నడవాలె, మనిషి తలెత్తుకొని ఇంటికి పోవాలె. గంతే. లిస్టును ఎంత తిట్టినా దానికి పెండ్లాం లేదు, పిల్లలు లేరు."

నేను నా వైపు వచ్చి కూర్చున్నాను. ఇన్నేళ్ళుగా ప్లైవుడ్ అవతలి నుంచి విన్నవన్నీ గుర్తుకొచ్చాయి. సరుకు మంచిదే. లిస్టుల పేరు లేదు. ఎక్కిస్త. ఎంతమంది చంకల్లో మోసం పెట్టుకొని వచ్చి, చంకల్లో మంచి సరుకు పెట్టుకొని పోయారో! ఇది డూప్లికేటు, పారెయ్ అంటే ఒక్క నిమిషంలో తేలిపోయే పని. ఆ ఒక్క మాట అనలేక ఈ పిచ్చిమనిషి దినాలకు దినాలు నంబర్లు ఎక్కిస్తూ, చచ్చిన మోడెములకు హాజరు పిలుస్తూ కూర్చున్నాడు. నాకు ఆయన మీద చెప్పలేనంత ప్రేమ పొంగింది. నా కుర్చీ కింది ఇటుక మోడెంను నేనే జాగ్రత్తగా జరిపి పెట్టాను.

అప్పుడు నా చూపు స్కానర్ మీద పడింది.

నాలుగు దుకాణాలు తిరిగి, బేరమాడి తెచ్చిన నా స్కానర్. తెచ్చిన మొదటి రోజు అది కూడా ఉలకలేదు పలకలేదు. భాయ్ మూత విప్పి, భూతద్దం పెట్టి, ఊఁ అని, ఏమన్నాడో ఆ మాటలు నాకు పొల్లు పోకుండా జ్ఞాపకం ఉన్నాయి.

వైర్లు పీకి, స్కానర్‌ను రెండు చేతులతో ఎత్తుకొని పోయి ఆయన బల్ల మీద పెట్టాను.

"భాయ్, దీని లోపలి పేరేంది?"

భాయ్ నన్ను చూశాడు. బయట నా బోర్డు మీది ఎర్ర అక్షరాలు చూశాడు. అప్పుడే టిఫిన్ డబ్బా తెచ్చిన రహీమాబీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన స్క్రూడ్రైవరు ముట్టుకోలేదు. జేబురుమాలు తీసి మూత మీది దుమ్ము తుడిచి, కళ్ళకు దగ్గరగా వంగి, దాని మీది పేరును ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ పైకి చదివాడు.

"జర్మనీదే చెల్లె" అన్నాడు.

నేను స్కానర్ తెచ్చి దాని చోట పెట్టుకున్నాను. ఆ వారమే బోర్డు మీద ఎర్ర రంగు వెలిసిందని మళ్ళీ పూయించాను.